240 ఫ్లాట్ల తడి చెత్త గేటు దాటకుండా ఎరువు చెయ్యాలంటే: జాగా, తొట్లు, వానాకాలం (మధురవాడ)

#1 · కమిటీ_కబురు

అందరికీ నమస్కారం. విశాఖలో మధురవాడ వైపు అపార్ట్‌మెంట్ సముదాయం, ఐదు బ్లాకులు, 240 ఫ్లాట్లు. ఇప్పటికి తడీ పొడీ కలిపే బండికి ఎత్తుతున్నారు. కొత్త నియమాల్లో మాలాంటి వాళ్ళు ‘బల్క్’ (పెద్ద మొత్తంలో చెత్త వచ్చే చోటు) కిందికి వస్తారా? వస్తే తడి చెత్తకి ఎంత జాగా, ఎన్ని తొట్లు, ఎంతమంది మనుషులు కావాలి? మెషీన్ అమ్మేవాళ్ళేమో 24 గంటల్లో ఎరువు చేతికిస్తామంటున్నారు. జనరల్ బాడీ మీటింగ్‌లో అడిగే మొదటి ప్రశ్న ‘వాసన వస్తుందా’, రెండోది ‘ఎవరు చేస్తారు’. దయచేసి కొలతలతో చెప్పండి.

#2 · తూకంరాయి

నియమాల సంగతి ముందు తేల్చేద్దాం. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల స్థానంలో 2026 నియమాలు వచ్చాయి, ఏప్రిల్ 1 నుంచి అమలు. రోజుకు 100 కిలోల చెత్త, లేదా 40,000 లీటర్ల నీటి వాడకం, లేదా 20,000 చదరపు మీటర్ల నిర్మిత విస్తీర్ణం: వీటిలో ఏ ఒక్కటి దాటినా బల్క్ ఉత్పత్తిదారే. మీరు చెత్తలోనూ నీళ్ళలోనూ దాటతారు. నీళ్ళే చూడండి: 840 మంది, మనిషికి 135 లీటర్ల లెక్కన లక్షా పదమూడు వేల లీటర్లు. అలాంటివాళ్ళు తడి చెత్తని వీలైనంత వరకు ప్రాంగణంలోనే శుద్ధి చేసుకోవాలి. విడదీయడం ఇక రెండు బుట్టలతో సరిపోదు. తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి అని నాలుగు.

ఇక పరిమాణం. ఫ్లాటుకి 3.5 మంది చొప్పున 840 మంది. మనిషికి 450 గ్రాములు అనుకుంటే రోజుకు 378 కిలోలు. అందులో తడి 55 శాతం, అంటే దాదాపు 210 కిలోలు. పొడి 30 శాతం, 113 కిలోలు. మిగతాది శానిటరీ, ఊడ్చిన దుమ్ము, ఇతరాలు.

ఇవి కాగితం మీది అంకెలు. తొట్లకు ఆర్డర్ ఇచ్చే ముందు వేలాడే త్రాసు ఒకటి పెట్టి ఏడు రోజులు వరసగా తూచండి, ఆదివారం తప్పకుండా అందులో ఉండాలి. చేపలు, మాంసం, చుట్టాలు అన్నీ ఆ రోజే. ఆదివారం తూకం మిగతా రోజుల సగటు కంటే బాగా ఎక్కువ వస్తే తొట్టి కొలత దాన్నిబట్టే ఉండాలి, సగటుని బట్టి కాదు. మామిడి కాయల రోజుల్లో ఇంకోసారి తూచండి.

#3 · ఎరువుకుప్ప

తూకంరాయి గారి 210 కిలోలు పట్టుకుని ముందుకి పోదాం.

వంటింటి చెత్తలో నూటికి 75 పాళ్ళు నీళ్ళే. కార్బన్, నత్రజని నిష్పత్తి 18 దరిదాపుల్లో ఉంటుంది. కుప్ప సరిగ్గా కాగాలంటే నిష్పత్తి 25 నుంచి 30, తేమ 50 నుంచి 60 శాతం ఉండాలి. అంటే పొడిగా ఉండి కార్బన్ ఎక్కువున్న సరుకు కలపాలి. ఎండుటాకుల నిష్పత్తి 55 అనుకోండి. 100 కిలోల తడి చెత్తకి 30 కిలోల ఎండుటాకులు కలిపితే నిష్పత్తి 28కి వస్తుంది, తేమ 60కి దిగుతుంది. 25 కిలోలతో నిష్పత్తి సరిపోయినా తేమ 62 దగ్గర ఆగిపోతుంది. మన గాలిలో ఉండే ఉక్కకి ఆ రెండు శాతమే ఈగలకి ఆహ్వానం. కాబట్టి 30 వదలకండి.

మీ లెక్కలో రోజుకు 63 కిలోల ఆకులు. ఇక్కడే చాలా సముదాయాలు బోల్తా పడతాయి. తొట్లు కొంటారు, ఆకుల గురించి ఆలోచించరు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆకు రాలుతుంది, అప్పుడు పోగు చేసుకోవాలి. కానీ నాలుగు నెలల వానాకాలానికి ఏడున్నర టన్నులు కావాలి. ముక్కలు చేసినా క్యూబిక్ మీటరుకి 130 కిలోలే పడుతుంది కాబట్టి దాదాపు 58 క్యూబిక్ మీటర్ల గోదాం కావాలి. అంత జాగా ఎవరిస్తారు? అందుకని మూడు కలిపి వాడండి:

ఒకటి, ఉన్నంత ఎండుటాకు, ముక్కలు చేసి.
రెండు, కొబ్బరి పొట్టు దిమ్మలు. తక్కువ జాగాలో ఎక్కువ దాచుకోవచ్చు, వాన నీళ్ళు తగలకపోతే పాడవ్వవు. దిమ్మని నీళ్ళలో నానబెట్టకుండా పొడిగానే పొడి చేసి వాడాలి. నర్సరీ అలవాటుతో నానబెడితే అసలు పనే చెడుతుంది.
మూడు, జల్లెడలో పైన మిగిలిన ముతక ఎరువు. దీన్ని పారెయ్యకుండా కొత్త చెత్తలో తిరిగి కలపండి. అందులో సూక్ష్మజీవులు సిద్ధంగా ఉంటాయి, విడిగా ‘కల్చర్’ డబ్బాలు కొననక్కర్లేదు.

రంపపు పొట్టు కొందరు వాడతారు. ప్లైవుడ్ కోసిన పొట్టు మాత్రం వద్దు, అందులో జిగురు ఉంటుంది.

తొట్ల సంగతి: చెత్తా ఆకులూ కలిపాక రోజుకు దాదాపు 0.7 క్యూబిక్ మీటర్లు. 30 రోజులకు 21. కాగే కొద్దీ కుంగుతుంది కాబట్టి ఏ రోజు చూసినా 14 క్యూబిక్ మీటర్ల చోటు సరిపోతుంది. తొట్టి లోపలి కొలత 1.2 మీటర్లు పొడవు, వెడల్పు, ఎత్తు అయితే 1.7 క్యూబిక్ మీటర్లు. తొమ్మిది నిండి ఉంటాయి, తిరగెయ్యడానికి రెండు ఖాళీ, ఒకటి మరమ్మతుకి. మొత్తం పన్నెండు. ఆరేసి చొప్పున రెండు వరసలు, మధ్య 1.5 మీటర్ల దారి. ఇది 32 చదరపు మీటర్లలో పడుతుంది. మాగబెట్టే కుప్ప, జల్లెడ, ఆకుల మూల కూడా కలుపుకుని 60 చదరపు మీటర్ల షెడ్డు అడగండి. అంతకంటే తక్కువ ఇస్తే ‘సరే’ అనకండి, తర్వాత మాగని సరుకుని మొక్కలకి వేసి చంపుకుంటారు.

#4 · మెగావాట్

ఇంత తిప్పలు ఎందుకండీ? కాపులుప్పాడలో 15 మెగావాట్ల ప్లాంటు ఉంది కదా, చెత్త కాల్చి కరెంటు తీస్తుంది. అది చెత్త కోసమే కట్టింది. మీరందరూ ఎరువు చేసుకుంటూ కూర్చుంటే దానికి మేత ఏది?

#5 · తూకంరాయి

మంచి ప్రశ్న, లెక్క కట్టి చూద్దాం.

ఒక కిలో వంటింటి చెత్త: పావు కిలో పొడి పదార్థం. దాని వేడి సుమారు 1,000 కిలో కెలోరీలు. ముప్పావు కిలో నీళ్ళని ఆవిరి చెయ్యడానికి 450 పోతాయి. మిగిలేది 550.

ఒక కిలో పొడి చెత్త, 15 శాతం తేమతో: 3,800 వచ్చి 90 పోతాయి. చేతికి 3,700.

తడి 55, పొడి 30, మట్టీ దుమ్మూ 15 పాళ్ళుగా కలిపి పంపితే కిలోకి 1,400 చిల్లర. 2016 నియమాల్లో 1,500 దాటిన, రీసైకిల్ కాని సరుకుని డంపింగ్‌కి పంపొద్దని గీత గీశారు. మన మిశ్రమం ఆ గీత కిందే ఉంటుంది. అందులోంచి తడి సగం తీసేస్తే అదే మిశ్రమం 1,700 దాటుతుంది. ఇక వానలో తడిసి తేమ పెరిగితే ఈ లెక్క ఇంకా కిందికి జారుతుంది, ప్లాంటు గుంటలో సరుకుని రోజుల తరబడి ఆరబెట్టాల్సి వస్తుంది, నీరు ఊరుతుంది.

అంటే మీరు తడి చెత్త ఆపితే ప్లాంటు మేత తగ్గేది తూకంలోనే, మంటలో కాదు. మట్టీ పెంకులూ ఆపితే బూడిద కూడా తగ్గుతుంది.

#6 · మెగావాట్

లెక్క ఒప్పుకుంటా. కానీ అన్ని ప్లాస్టిక్కులూ మేతే అనుకోకండి. పీవీసీ పైపు ముక్కలు, రెక్సిన్, ఫ్లెక్సీలు మంటలోకి వెళితే క్లోరిన్ వస్తుంది. బాయిలరు గొట్టాలు తినేస్తుంది, పొగ శుద్ధి భారం పెంచుతుంది. కొలిమిలో వేడి 850 డిగ్రీల పైన కనీసం రెండు సెకన్లు నిలవకపోతే డయాక్సిన్లనే విష పదార్థాల భయం. పొగలోంచి పట్టిన సన్న బూడిదని అడుగు బూడిదతో కలపకూడదు, దాన్ని విడిగా భద్రం చెయ్యాలి.

#7 · కమిటీ_కబురు

24 గంటల మెషీన్ గురించి ఎవరూ చెప్పలేదు. ప్రెసిడెంట్ గారికి అదే నచ్చింది.

#8 · ఎరువుకుప్ప

అది ఆరబెట్టే యంత్రం. 210 కిలోల తడి చెత్తలో 157 లీటర్ల నీళ్ళుంటాయి. తేమ 20 శాతానికి దించాలంటే 144 లీటర్లు ఆవిరి చెయ్యాలి. లీటరుకి 0.63 యూనిట్ల వేడి ప్రకృతి నియమం, దాన్ని ఏ కంపెనీ తగ్గించలేదు. అంటే మామూలు హీటరుతో రోజుకు 91 యూనిట్ల కరెంటు, నష్టాలు కలపకుండా. బ్రోషర్‌లో అంతకన్నా తక్కువ రాసుంటే నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో అడగండి.

బయటికొచ్చిన గోధుమరంగు పొడిని ఎరువు అంటారు. గుప్పెడు తీసి తడిపి, మూత పెట్టి మూడు రోజులు ఉంచండి. పుల్లటి వాసన, బూజు వస్తే అది ఎండిన చెత్త, కుళ్ళడం ఇంకా మొదలే కాలేదు. అదే మొక్క మొదట్లో వేస్తే అక్కడ కుళ్ళుతుంది, వేడి పుడుతుంది, వేరు మాడుతుంది. జాగా బొత్తిగా లేనిచోట మెషీన్‌తో తేమ తగ్గించి, తర్వాత నెల రోజులు తొట్లో మాగబెట్టడం ఒక దారి. మీకు జాగా ఉంది కదా, అనవసరం.

#9 · గొట్టంమేస్త్రీ

షెడ్డు కట్టేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి.

తొట్టి గోడలు జాలీగా ఇటుక వదిలి ఇటుక కట్టాలి, లేదా ఇనుప చట్రానికి జల్లెడ. ఇటుక సందులకి లోపలి నుంచి 6 మిల్లీమీటర్ల కన్నున్న గాల్వనైజ్డ్ మెష్ కొట్టండి, ఎలుకలు, పందికొక్కులు రావు. అంతకంటే పెద్ద కన్ను ఉంటే పిల్ల ఎలుక దూరుతుంది. ఉప్పుగాలికి మామూలు ఇనుప మెష్ రెండు వానాకాలాలు కూడా ఆగదు.

అడుగున నాలుగంగుళాల పీవీసీ పైపు రెండు వరసలు. పది మిల్లీమీటర్ల రంధ్రాలు, అరచెయ్యి ఎడంలో. రంధ్రాలు కిందికి ఉండాలి, పైకి పెడితే ఎరువు రాలి పూడిపోతుంది. రెండు కొసలూ గోడ బయటికి తెరిచి ఉంచాలి, గాలి ఆడేది వాటిలోంచే. పైపుల మీద కొబ్బరి పీచు లేదా పుల్లలు జానెడు మందం పరిచాక చెత్త.

నేలకి నూటికి రెండు వాలు, ఆ వాలు కొసన చిన్న గుంట. ఊరే నీరు దాంట్లో పడుతుంది. తేమ సరిగ్గా ఉంటే రోజుకు ఒకటి రెండు బకెట్లు మించదు. దాన్ని ఎండిన తొట్లో మళ్ళీ చల్లొచ్చు, లేదా మీ ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) ఇన్‌లెట్‌లో కలపొచ్చు. వాన కాలువలో మాత్రం వదలకండి. మధురవాడ వైపు కాలువలన్నీ గెడ్డల్లోకి (వాగుల్లోకి), గెడ్డలు సముద్రంలోకి. పైగా మొదటి వానకే ఎవరిదో తెలిసిపోతుంది.

కప్పు: చూరు అన్ని వైపులా 90 సెంటీమీటర్లు బయటికి రావాలి, మన వాన నిలువుగా పడదు. రేకులకి ప్రతి పర్లిన్ (రేకుల కింది అడ్డ కమ్మీ) దగ్గరా జె హుక్కు, వాషరుతో. ఒకటి వదిలి ఒకటి కొట్టే మేస్త్రీలుంటారు, ఒప్పుకోవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి లేచిపోయిన రేకుల సంగతి ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పక్కర్లేదు.

#10 · పైరుగాలి

షెడ్డు ఎక్కడ పెట్టాలో ఎవరూ అడగలేదు. గొడవంతా అక్కడే వస్తుంది. విశాఖలో ఏడాదిలో ఎక్కువ కాలం గాలి నైరుతి నుంచి. వాసన ఇళ్ళ మీదికి రాకూడదంటే షెడ్డు గాలికి దిగువన, అంటే స్థలానికి ఈశాన్య మూల ఉండాలి.

#11 · కమిటీ_కబురు

ఈశాన్యంలో చెత్తా? మీటింగ్‌లో నన్ను బతకనివ్వరు మాస్టారూ.

#12 · పైరుగాలి

తెలుసండీ, అందుకే ముందే చెప్తున్నా. వాస్తుకీ గాలికీ మధ్య రాజీ వాయవ్యం. నైరుతి గాలికి అది పక్క వైపు పడుతుంది, ఇళ్ళ మీదికి నేరుగా రాదు. నవంబరు నుంచి జనవరి దాకా ఈశాన్యం గాలి ఉన్నప్పుడూ అది పక్కే. ఆగ్నేయం కూడా లెక్కకి సరే, కానీ జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు సాధారణంగా ఆ మూలే ఉంటాయి. ఎండుటాకులు, అట్టపెట్టెలు వాటి పక్కన పెట్టడం ప్రమాదం. దగ్గరి ఫ్లాటు కిటికీకి 10 మీటర్ల దూరం పెట్టుకోండి, మధ్యలో ఒక వరస గుబురు మొక్కలు. ఏ మూల పెట్టినా తిరగేసే పని ఉదయం పది తర్వాత చేయించండి. తెల్లవారుజామున గాలి కదలదు, వాసన కిందే నిలిచిపోతుంది.

#13 · ఎరువుకుప్ప

ఇక వాసన. దాన్ని బట్టే రోగం చెప్పొచ్చు, ముక్కు చాలు.

కుళ్ళిన గుడ్డు వాసన: గాలి ఆడటం లేదు. తేమ ఎక్కువైంది, లేదా కుప్ప అణిగిపోయింది. వెంటనే పక్క తొట్లోకి తిరగేసి, తిరగేస్తూ ఆకులు కలపాలి. పైన ఆకులు చల్లి కప్పెట్టడం వల్ల ఉపయోగం లేదు, రోగం లోపలుంది.

ముక్కుకి ఘాటుగా, పశువుల కొట్టం వాసన: అమ్మోనియా. నత్రజని ఎక్కువ. రొయ్య పొట్టు, చేప, మాంసం, పప్పు ఎక్కువ పడ్డాయి. కొబ్బరి పొట్టు కలపండి. బూడిద, సున్నం వెయ్యకండి, అమ్మోనియా ఇంకా ఎగురుతుంది.

పులిసిన మజ్జిగ వాసన: మొదటి మూడు నాలుగు రోజుల్లో అన్నం, పండ్లు ఎక్కువగా పడితే వస్తుంది. గాలి ఆడితే దానంతటదే పోతుంది. పోకపోతే గుప్పెడు కట్టెల బూడిద ఇక్కడ పనికొస్తుంది.

అసలు వాసనే లేదు, వేడీ లేదు: ఎండిపోయింది. మార్చి, ఏప్రిల్‌లో అంచులు ఇలా అవుతాయి. తిరగేస్తూ నీళ్ళు చిలకరించాలి.

తేమ పరీక్షకి మీటరు అక్కర్లేదు. గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ళ సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనబడాలి. ధార కట్టిందా, ఆకులు. విడిపోయి రాలిందా, నీళ్ళు.

థర్మామీటరు మాత్రం కొనండి, అరమీటరు కడ్డీ ఉన్నది. మధ్యలో 55 డిగ్రీలు దాటి వరసగా మూడు రోజులు నిలవాలి. రోగక్రిములు, టమాటా గింజలు చచ్చేది అప్పుడే. 65 దాటితే పనిచేసే జీవులు కూడా చస్తాయి, తిరగెయ్యాలి. నింపిన నాలుగో రోజుకి కూడా 45 దాటకపోతే ఏదో తేడా ఉంది. తొట్టి తలుపు మీద సుద్దముక్కతో నింపిన తేదీ, రోజూ వేడి రాయించండి. పుస్తకంలో రాయమంటే ఎవరూ రాయరు, తలుపు మీదైతే పక్కవాడు చూస్తాడని రాస్తారు.

తిరగేత ఏడో రోజు, పద్నాలుగో రోజు, ఇరవై ఒకటో రోజు. ముప్ఫయ్యో రోజున మాగే కుప్పకి, అక్కడ ఇంకో నెల. ఆ తర్వాత నాలుగు మిల్లీమీటర్ల జల్లెడ. రోజుకు 50 నుంచి 60 కిలోల ఎరువు చేతికొస్తుంది.

తెల్లగా లావుగా పురుగులు కనబడితే ఫినాయిల్ పట్టుకుని పరిగెత్తకండి. అవి నల్లటి సైనిక ఈగ పిల్లలు, తినిపెట్టేవే. మామూలు ఇంటి ఈగలు మూగుతున్నాయంటే మాత్రం పైన ఆకుల పొర పలచబడింది.

#14 · రేవువీధి

చేపల తలలు, రొయ్య పొట్టు గురించి ఇంకో మాట. మన ఊళ్ళో ఇది తప్పించుకోలేం. వాటిని కుప్ప నడిమధ్య వేసి, పైన కనీసం 15 సెంటీమీటర్లు పాత ఎరువు కప్పాలి. పైపైన వేస్తే కాకులు, పిల్లులు, ఈగలు ఒకేసారి దిగుతాయి. ఆదివారం చేపల నీళ్ళు ఇళ్ళలోనే వంపేసి, తలలూ పొట్టూ కాగితంలో చుట్టి ఇమ్మని చెప్పండి. కాగితం కూడా కార్బనే. ప్లాస్టిక్ సంచిలో కట్టి ఇస్తే ఆ సంచి విప్పే పని ఎవరూ చెయ్యరు, అది అలాగే తొట్లోకి పోతుంది, నెల తర్వాత అలాగే బయటికొస్తుంది.

పొరుగున ఏదైనా ఫంక్షన్ ఉంటే విస్తర్లు తెచ్చి పడేస్తారు. అడ్డాకు విస్తరి అయితే ముక్కలు చేసి వెయ్యండి, మంచి కార్బన్. కానీ ఇప్పుడు దొరికే సగం విస్తర్లకి అడుగున పలచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. గోటితో అంచు గీరితే లేస్తుంది. అవి తొట్లోకి వద్దు. పేపరు కప్పులూ అంతే.

#15 · కొళాయినీళ్లు

బయోగ్యాస్ ఎవరూ అనలేదేం? టన్ను తడి చెత్తకి 80 నుంచి 100 క్యూబిక్ మీటర్ల గ్యాస్ వస్తుంది.

#16 · గొట్టంమేస్త్రీ

210 కిలోలకి 17 నుంచి 21 క్యూబిక్ మీటర్లు, వంటగ్యాస్‌లో ఎనిమిది కిలోలకి అటూ ఇటూ. దాన్ని వాడే సామూహిక వంటగది ఉంటే బ్రహ్మాండం. హాస్టలు, హోటలు, గుడి అన్నదానం, ఇవి దానికి సరైన చోట్లు. అపార్ట్‌మెంట్‌లో ఆ గ్యాస్ ఎవరింటికి ఇస్తారు? పైగా చెత్తకి సమానంగా నీళ్ళు కలపాలి, రోజుకు 400 లీటర్ల స్లర్రీ (మడ్డి నీరు) బయటికొస్తుంది. దాన్ని ఏం చెయ్యాలో తేలకుండా డైజెస్టరు (గ్యాస్ తయారయ్యే మూసిన తొట్టి) కొనకూడదు. ఒక్క పండగ రోజు అన్నం, స్వీట్లు ఎక్కువ పోస్తే లోపల పులిసిపోయి పీహెచ్ 6.5 కిందికి జారుతుంది, గ్యాస్ ఆగుతుంది, మళ్ళీ కోలుకోవడానికి వారాలు పడుతుంది. కుప్పని తిరగేస్తే బాగవుతుంది, డైజెస్టరుని తిరగెయ్యలేం.

#17 · పాతసామాను

పొడి చెత్త వైపు కూడా చూడండి. 113 కిలోలు అంటే తేలిక అనిపిస్తుంది, కానీ వదులుగా ఉన్నప్పుడు క్యూబిక్ మీటరుకి 80 కిలోలే. రోజుకు 1.4 క్యూబిక్ మీటర్లు, వారానికి పది. మూడు మీటర్లు బై మూడు మీటర్ల గది నడుం ఎత్తు దాకా నిండిపోతుంది. వారానికి రెండుసార్లు ఎత్తే స్క్రాప్ దుకాణంతో మాట్లాడుకోండి, నెలకోసారి అనేవాళ్ళు వద్దు.

గదిలో అరలు ఇలా: అట్టలు, పేపరు ఒకటి. నీళ్ళ సీసాలు ఒకటి. గట్టి ప్లాస్టిక్, అంటే షాంపూ డబ్బాలు, బకెట్లు ఒకటి. పాల పాకెట్లు ఒకటి. గాజు ఒకటి. ఇనుము, అల్యూమినియం ఒకటి. చివరిది ఎవరూ కొననిది: చిప్స్ పాకెట్లు, మల్టీలేయరు కవర్లు, థర్మోకోల్. ఈ చివరి అరలోదే కాల్చే ప్లాంటుకి, సిమెంటు బట్టీలకి వెళ్ళాల్సిన సరుకు.

పాల పాకెట్టు మూల కత్తిరించేటప్పుడు ముక్క పూర్తిగా తెగకుండా చెయ్యమనండి. ఆ చిన్న ముక్కలే ఎరువులోనూ, మురుగు కాలువలోనూ తేలేవి. పాకెట్టు ఒకసారి కడిగి ఇస్తే కొనేవాడుంటాడు, కడక్కపోతే రెండో రోజుకి కంపు, చివరి అరలో పడుతుంది. అట్టల మీద ఒక్క సాంబారు కవరు పగిలితే ఆ కట్ట మొత్తం రేటు పడిపోతుంది. పొడి చెత్తకి డబ్బొచ్చేదీ రానిదీ తడి తగలడం మీదే.

కొబ్బరి బొండాలు నా దగ్గరికి పంపకండి బాబూ. వాటికి వేరే చీల్చే యంత్రం కావాలి. చీలిస్తే మాత్రం పీచు ఎరువుకుప్ప గారికి పనికొస్తుంది.

#18 · ట్రిప్‌షీట్

బయటి బండి లెక్క కూడా తెలిస్తే మీటింగ్‌లో పనికొస్తుంది. గాజువాక నుంచి కాపులుప్పాడకి అంటే ఊరంతా దాటాలి. ఒక టన్ను తడి చెత్తలో 750 లీటర్లు నీళ్ళు. నగరం డీజిలు పోసి ఆ నీళ్ళని ఊరి ఈ కొస నుంచి ఆ కొసకి మోస్తోంది. మీది మధురవాడ కాబట్టి దూరం తక్కువ, కానీ బండి సమయం అంతే పోతుంది.

ఇంటింటి ఆటో టిప్పరు ఒక ఇంటి దగ్గర అర నిమిషం ఆగితే 350 ఇళ్ళకి దాదాపు మూడు గంటలు. విడదీయని చెత్త అయితే పనివాళ్ళు అక్కడే గెలుకుతారు, అర నిమిషం ఒకటిన్నర అవుతుంది, చివరి ఇళ్ళకి బండి రాదు. జనం చెత్త గెడ్డలో వెయ్యడం మొదలయ్యేది ఆ చివరి ఇళ్ళ దగ్గరే. కొండవాలు కాలనీల్లో ఇంకా కష్టం. ఆటో ఎక్కదు, తోపుడు బండి మెట్ల మీద పోదు. పైనుంచి బుట్టలతో దింపి, మెట్ల మొదట్లో బండి కచ్చితమైన సమయానికి ఉండాలి. అక్కడ డబ్బా పెట్టి వదిలేస్తే కుక్కలు, పందులు, వాన పడితే అంతా కిందికే.

కంపాక్టరు బండి వెనక తలుపు రబ్బరు సీలు అరిగితే రోడ్డంతా నల్లటి చారలు. నొక్కినప్పుడు నీరు బయటికి తన్నుతుంది, కింద ట్యాంకు నిండితే కుళాయి తిప్పి దారిలోనే వదిలే అలవాటు కూడా ఉంది. సీలు మార్చడం చిన్న పని. అయినా లోపలికి వెళ్ళే సరుకులో నీళ్ళు తగ్గితేనే ఆ కారుడు ఆగేది.

#19 · దూదిపరుపు

శానిటరీ గురించి తూకంరాయి గారు పైపైన వదిలేశారు. డైపర్లు, ప్యాడ్లు మీ లెక్కలో రోజుకు 15 నుంచి 20 కిలోలు ఉంటాయి. వార్తాపత్రికలో చుట్టి, ఎర్ర గుర్తు పెట్టి, ఎర్ర డబ్బాలో విడిగా. లిఫ్టు దగ్గర పెట్టే చిన్న కాల్చే యంత్రాలు వద్దు. వేడి చాలదు, పొగ కిటికీల్లోకే. ఇన్సులిన్ సూదులు మూత గట్టిగా పట్టే మందపాటి ప్లాస్టిక్ సీసాలో. ట్యూబ్‌లైట్లు పగలగొట్టి సర్దడం అసలు వద్దు, లోపల పాదరసం ఆవిరి ఉంటుంది, నిలబెట్టి కట్టాలి. పాత బ్యాటరీలు, గడువు దాటిన మందులు, పెయింట్ డబ్బాలు నాలుగో డబ్బాలోకి.

#20 · కమిటీ_కబురు

చాలా థాంక్స్ అండీ అందరికీ. వాయవ్యంలో 60 చదరపు మీటర్లు, 12 తొట్లు, పొడి గది విడిగా అని రాసుకున్నా. మనుషులు ఎంతమంది? ఇంకోటి, వాన ఆగకుండా వారం కురిస్తే?

#21 · ఎరువుకుప్ప

ఇద్దరు, రోజుకు నాలుగు గంటలు. ఒకరు రోజూ కలిపి నింపడం, ఇంకొకరు తిరగేత, జల్లెడ. రబ్బరు బూట్లు, మోచేతి దాకా గ్లౌజులు, టెటనస్ ఇంజెక్షన్. ఎరువు దుమ్ము ఎగిరే జల్లెడ పనికి మాస్కు తప్పనిసరి. తిరగేత నాలుగు పళ్ళ పారతో, మట్టి పారతో కాదు, మట్టి పార ముద్ద చేస్తుంది.

వారం వాన అంటే: ఆకుల పాలు 30 నుంచి 40కి పెంచండి. తిరగేతలు ఆపొద్దు, అప్పుడే ఎక్కువ అవసరం. పడమటి వైపు టార్పాలిన్ దింపండి, కింద జానెడు వదిలి, లేకపోతే గాలి ఆగుతుంది. పది రోజులకి సరిపడా కొబ్బరి పొట్టు జూన్ మొదటి వారానికే షెడ్డులో ఉండాలి. కొబ్బరి పొట్టు ఆకు కంటే ఎక్కువ నీరు పీలుస్తుంది, తూకంలో దాదాపు సగం చాలు: రోజుకు 40 కిలోల చొప్పున 400 కిలోలు, ఐదు కిలోల దిమ్మలు 80. నేల మీద కాదు, చెక్క పలకల మీద.

#22 · గొట్టంమేస్త్రీ

వాయవ్యంలో కరెంటు పాయింటు, నీళ్ళ కుళాయి రెండూ పెట్టించుకోండి, స్లాబు వెయ్యకముందే పైపు వెయ్యాలి. కుళాయికి తాళం ఉండాలి. లేకపోతే కార్లు అక్కడే కడుగుతారు, ఆ నీళ్ళన్నీ మీ గుంటలోకి.